ఉల్మ్ మ్యూన్‌స్టర్: ఊరి సొమ్ముతో లేచిన చర్చి, ఇప్పటికీ తెమలని రాతి పని

2025 అక్టోబరు 30న బార్సిలోనాలోని సగ్రాడా ఫమీలియా చర్చి నడిమి గోపురం 162.91 మీటర్లకు చేరింది. అప్పటిదాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి దక్షిణ జర్మనీలో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఉల్మ్ నగరపు మ్యూన్‌స్టర్. దాని ఎత్తు 161.53 మీటర్లు. 1890 నుంచి 135 ఏళ్ల పాటు నిలిచిన రికార్డు మీటరున్నర లోపు తేడాతో పోయింది.

ఎత్తు సంగతి పక్కన పెడితే, ఈ కట్టడం గురించి వినగానే కొన్ని ప్రశ్నలు చిక్కుముడిలా ఎదురవుతాయి. ఇంత పెద్దదైనా దీన్ని కెథడ్రల్ అని ఎందుకు అనరు? 1377లో పునాది రాయి వేస్తే 1890లో గానీ ఎందుకు పూర్తి కాలేదు? పూర్తయ్యాక కూడా దాని చుట్టూ పరంజాలు ఎందుకు దిగవు? ఆ ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఇవాళ అక్కడ ఏం జరుగుతోంది? ఒకదాని జవాబు ఇంకోదానికి ముడిపడి ఉంది కాబట్టి మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి.

బిషప్ లేని పెద్ద గుడి

కెథడ్రల్ అనే మాటకు పరిమాణంతో సంబంధం లేదు. బిషప్ పీఠం ఎక్కడుంటే అది కెథడ్రల్. మెదక్ చర్చి సంగతి మనకు తెలుసు. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ చర్చి గంటల గోపురం ఎత్తు సుమారు 173 అడుగులు, అంటే 53 మీటర్ల దాకా. ఉల్మ్ గోపురం దానికి మూడింతలు. అయినా మెదక్‌ది కెథడ్రల్, ఎందుకంటే అక్కడ మెదక్ డయాసిస్ బిషప్ పీఠం ఉంది. ఉల్మ్‌లో ఏనాడూ బిషప్ లేడు. మధ్యయుగంలో ఆ ఊరు కాన్‌స్టాన్స్ బిషప్ పరిధిలో ఉండేది. మ్యూన్‌స్టర్ అనే మాట మూలంలో మఠానికి సంబంధించినదే గానీ, ఉల్మ్‌ది మఠం చర్చి కూడా కాదు. జర్మనీ నైరుతి ప్రాంతంలో పెద్ద చర్చిని అలా పిలవడం వాడుక అయిపోయింది, అంతే.

మరి ఇదేమిటి? ఊరి చర్చి. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు బాప్తిస్మం ఇచ్చి, పెళ్లిళ్లు చేసి, సమాధి కార్యక్రమాలు జరిపే సంఘానికి చెందిన చర్చి. రాజుగారి ఖజానా, బిషప్ ఆదాయం లేకుండా, ఊరి జనం తమ సొంత డబ్బుతో కట్టుకున్నారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి ఆరున్నర శతాబ్దాల చరిత్ర దానంతటదే అర్థమవుతుంది.

అంతకుముందు ఉల్మ్‌వాసుల చర్చి ఊరి గోడల బయట ఉండేది. 1376లో చక్రవర్తి నాలుగో చార్లెస్ నగరాన్ని ముట్టడించినప్పుడు జనం తమ చర్చికి తామే వెళ్లలేకపోయారు. గోడల లోపలే చర్చి ఉండాలని నిర్ణయించుకుని, 1377 జూన్ 30న కొత్తదానికి పునాది రాయి వేశారు. రాయి వేసింది నగర పెద్ద లుట్జ్ క్రాఫ్ట్. చర్చి లోపలి స్తంభం మీద ఈ ఘట్టాన్ని చూపే చిన్న రాతి శిల్పం ఉంది. క్రాఫ్ట్ దంపతులు బుల్లి చర్చి నమూనాను పట్టుకుని, వంగి ఉన్న మేస్త్రీ వీపు మీద పెడుతుంటారు. డబ్బు ఎవరిది, భారం ఎవరిది అన్నది ఆ శిల్పం చెప్పినంత సూటిగా ఏ శాసనమూ చెప్పలేదు. పాత చర్చిని విప్పి, ఆ రాళ్లను, తలుపుల మీది శిల్పాలను తెచ్చి కొత్తదాంట్లో వాడుకున్నారు.

అప్పటికి ఉల్మ్ జనాభా పది వేలకు మించదు. కట్టిన చర్చిలో మాత్రం దాదాపు 20 వేల మంది నిలబడవచ్చు. బెంచీలు లేని కాలం అది. పొడవు 123 మీటర్ల పైచిలుకు, వెడల్పు 48.8 మీటర్లు, స్తంభాల వరుసల మధ్య పొడవునా సాగే నడిమి శాల ఎత్తు 41.6 మీటర్లు. ఊరి జనాభాకు రెండింతల మందికి చోటు ఎందుకంటే, ఉల్మ్ అప్పట్లో స్వతంత్ర నగరం. నూలు, అవిసె నార కలిపి నేసిన బట్ట వ్యాపారంతో బాగా గడించిన ఊరు. తమ స్థాయి ఏమిటో ఇరుగుపొరుగు నగరాలకు, రాజులకు కనబడాలని కట్టారు. చర్చి మీద ఆజమాయిషీ హక్కు మొదట్లో రైఖెనౌ మఠానిది. దాన్ని కూడా నగరం తర్వాత కొనేసింది.

ప్రణాళిక మారితే పగుళ్లు వచ్చాయి

మొదట పని పట్టింది పార్లర్ కుటుంబపు మేస్త్రీలు. వాళ్ల ఆలోచన ప్రకారం మూడు శాలలు, మూడూ వెడల్పులో ఇంచుమించు సమానం, ఒక్కోటి 15 మీటర్ల దగ్గర. ఎత్తు కూడా దగ్గరదగ్గరగా ఉండాలి. అలాంటి కట్టడంలో పక్క శాలలే నడిమి శాలకు ఆసరా ఇస్తాయి. ఇరుగుపొరుగు ఇళ్లు గోడకు గోడ ఆనుకుని నిలబడ్డట్టు.

1392లో ఉల్‌రిఖ్ ఎన్‌సింగర్ వచ్చాడు. తర్వాత స్ట్రాస్‌బర్గ్ కెథడ్రల్ గోపురం పని కూడా చేసిన మేస్త్రీ ఆయన. నడిమి శాలను పక్కవాటి కంటే చాలా పైకి లేపి, పడమటి దిక్కున ఒకే ఒక్క బ్రహ్మాండమైన గోపురం పెట్టాలన్నాడు. నగరం సరేనంది. కానీ పునాదులు, శాలల వెడల్పులు పాత లెక్కవి. ఎత్తు కొత్త లెక్కది. తర్వాత వచ్చిన ఇబ్బందుల్లో చాలావాటికి బీజం ఇక్కడే పడింది.

ఈ చర్చిది మధ్యయుగపు ఐరోపా శైలి అయిన గోథిక్. గోథిక్ కట్టడం ఎలా నిలబడుతుందో తెలిస్తే ఈ బీజం ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది. పైన రాతి కమాను కప్పు ఉంటుంది. కమాను బరువు కిందికే కాదు, పక్కలకు కూడా నెడుతుంది. అర్ధచంద్రాకారపు కమాను ఎక్కువ నెడుతుంది, మొన తేలిన కమాను కొంత తక్కువ నెడుతుంది. అందుకే గోథిక్‌లో కమానులన్నీ మొన తేలి ఉంటాయి. కప్పు అడుగున కనిపించే రాతి పట్టీలు బరువును పోగుచేసి స్తంభాల తలల మీదికి తెస్తాయి. అక్కడ మిగిలిన పక్క తోపుడును ఆపాలి. గోడకు ఆనించిన నిచ్చెన కాళ్లు జారకుండా కింద బండరాయి అడ్డం పెడతాం కదా, అదే పని ఇక్కడ గోడ బయట ఉన్న ఆనుడు దిమ్మెలు చేస్తాయి. నడిమి శాల మరీ ఎత్తయితే దిమ్మె అంత దూరంలో ఉన్నప్పుడు దాన్నీ గోడనూ కలుపుతూ గాలిలో వంపు తిరిగిన రాతి చేయి ఒకటి ఉండాలి. గోథిక్ చర్చి ఫొటోల్లో పక్క కప్పుల మీదుగా సాలెపురుగు కాళ్లలా కనిపించేవి అవే. దిమ్మెల నెత్తిన ఉన్న కోసు శిఖరాలు అలంకారం అనుకుంటారు చాలామంది. వాటి అసలు పని బరువు పెట్టడం. పక్కకు తోసే బలాన్ని ఆ బరువు కిందికి తిప్పుతుంది. ఒక శిఖరం విరిగిపడిపోతే అందం పోవడంతో పాటు కింది దిమ్మె లెక్క కూడా తప్పుతుంది.

ఉల్మ్‌లో మధ్యయుగపు మేస్త్రీలు ఆ గాలి చేతులు కట్టనేలేదు. 15 మీటర్ల వెడల్పున్న పక్క శాలల కప్పులు బయటి గోడలను నెట్టాయి. గోపురం బరువుకు పునాది చాలలేదు. 1490ల మొదట్లో, మాథెయుస్ బోబ్లింగర్ పెద్ద మేస్త్రీగా ఉండగా, ఆదివారం ఆరాధన జరుగుతున్న సమయంలో గోపురం లోపలి కప్పు నుంచి రాళ్లు ఊడి కింద పడ్డాయి. బోబ్లింగర్ ఊరు విడిచి వెళ్లిపోయాడు. నగరం వేర్వేరు చోట్ల నుంచి 28 మంది మేస్త్రీలను పిలిపించి సలహా అడిగింది. పని బుర్‌ఖార్డ్ ఎంగెల్‌బర్గ్‌కు అప్పగించింది.

ఎంగెల్‌బర్గ్ చేసినవి మూడు పనులు. గోపురం పునాదిని కింది నుంచి బలపరిచాడు. గోపురం పక్కన తెరిచి ఉన్న కమానులను గోడ కట్టి మూసేశాడు. ఒక్కో పక్క శాల మధ్యలో సన్నని గుండ్రటి స్తంభాల వరుస నిలబెట్టి, వెడల్పాటి కప్పు తీసేసి, నక్షత్రాల్లా అల్లిన రెండు చిన్న కప్పులు వేశాడు. కమాను వెడల్పు సగమైతే పక్క తోపుడు బాగా తగ్గుతుంది. అలా మూడు శాలల చర్చి 1500ల తొలి ఏళ్లలో అయిదు శాలల చర్చి అయింది. ఇవాళ లోపలికి వెళ్లినవాళ్లు మొట్టమొదట మెచ్చుకునేది ఆ సన్నని స్తంభాలనే. అవి మరమ్మతు కోసం పెట్టినవని తెలిస్తే ఆ మెచ్చుకోలు ఇంకా పెరగాలి. కూలబోతున్న దానికి ఇంత తేలికైన ఆసరా ఇవ్వడం మామూలు ప్రజ్ఞ కాదు.

ఓటు వేసి మతం మార్చుకున్న ఊరు

1530 నవంబరులో ఉల్మ్ పౌరులు క్యాథలిక్ చర్చిని విడిచి ప్రొటెస్టెంట్ సంస్కరణ వైపు వెళ్లాలా వద్దా అని ఓటు వేశారు. నూటికి 87 మంది సంస్కరణ వైపే నిలిచారు. రాజు చెప్పాడని మతం మారిన రోజుల్లో ఇది అరుదైన సంగతి. మరుసటి ఏడాది జూన్‌లో చర్చిలోని దాదాపు 60 బలిపీఠాలను, ఆర్గన్లను తొలగించారు. వాటిలో చాలావాటిని కుటుంబాలు, వృత్తి సంఘాలు తమ డబ్బుతో పెట్టించుకున్నవే. కళాచరిత్ర పరంగా అది తీరని నష్టం. దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు.

మిగిలినవాటిలో తప్పక చూడాల్సింది గాయకబృందపు ఆసనాలు. యోర్గ్ సిర్లిన్ 1469 నుంచి 1474 దాకా ఓక్ చెక్కతో చేసిన 89 ఆసనాలు అవి. ఆసనాల చివర్లలో చెక్కిన తలలను దగ్గరగా చూస్తే పైథాగరస్, టాలెమీ, సిసెరో, సెనెకా కనబడతారు. క్రీస్తు పూర్వపు, క్రైస్తవేతర పండితులను చర్చి నడిబొడ్డున కూర్చోబెట్టారన్నమాట. టాలెమీ ముఖం మీది ముడతలు, చేతుల వేళ్లు, టోపీ మడతలు అన్నీ బతికున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని చెక్కినట్టుంటాయి. 26 మీటర్ల ఎత్తున్న రాతి పేటిక, ప్రభురాత్రి భోజనపు రొట్టెను భద్రపరచడానికి కట్టినది, అదీ నిలిచింది. 1429లో హాన్స్ ముల్‌షర్ చెక్కిన క్రీస్తు శిల్పం పడమటి ద్వారం దగ్గర ఉండేది. వాన, చలి నుంచి కాపాడడానికి అసలుదాన్ని లోపలికి మార్చి, బయట నకలు పెట్టారు.

1543లో పని ఆగింది. డబ్బు తరిగింది, వ్యాపార మార్గాలు మారాయి, పెద్ద గోపురాల మీద మోజు కూడా పోయింది. అప్పటికి గోపురం సుమారు 100 మీటర్లు. మూడు వందల ఏళ్లు అది మొండిగానే ఉండిపోయింది.

మళ్లీ 1844లో మొదలుపెట్టారు. ఫెర్డినాండ్ థ్రేన్ హయాంలో, ముందు కప్పును కాపాడడానికి, మధ్యయుగంలో కట్టని ఆ గాలి చేతులు కట్టారు. అంటే ఇవాళ ఉల్మ్ చర్చికి కనిపించే గోథిక్ ఆసరాలు 19వ శతాబ్దపువి. 1880లో కొలోన్ కెథడ్రల్ 157 మీటర్లతో పూర్తయింది. ఆ తర్వాత ఆగుస్ట్ ఫాన్ బేయర్ ఉల్మ్ గోపురపు పునాదిని, కింది గోడలను మళ్లీ గట్టిపరిచి, బోబ్లింగర్ గీసి వదిలిన పాత చిత్రపటం ఆధారంగా, ఎత్తు కొంత పెంచి, 1890 మే 31న ముగించాడు. ఖర్చులో కొంత లాటరీ టికెట్లు అమ్మి రాబట్టారు. 500 ఏళ్ల నాటి కట్టడమని మనం మెచ్చుకునే గోపురంలో పై 60 మీటర్లు ఆవిరియంత్రాల కాలానివి. అందుకని దాన్ని తక్కువగా చూడనక్కర్లేదు. పాత గీతను నమ్మి దాని మీదే కట్టారు.

రాయి ఎందుకు చెడుతుంది

అసలు చిక్కు ఇక్కడుంది. పూర్తయిన కట్టడానికి పని ఎందుకు పూర్తి కాదు?

చర్చిలో ఇటుక ఉంది, రకరకాల ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు ఉన్నాయి. ఒక్కో కాలంలో ఒక్కో గనిది. అన్నీ ఒకేలా ముసలివి కావు. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు, వాటిని పట్టి ఉంచే సహజమైన జిగురు. ఆ జిగురు సున్నపు జాతిదైతే ఆమ్లానికి కరిగిపోతుంది. బొగ్గు కాల్చిన రోజుల్లో గాలిలోని గంధకపు పొగ వాననీటితో కలిసి రాతి పైపొరను జిప్సంగా మార్చింది. వాన నేరుగా కడిగే చోట ఆ జిప్సం కొట్టుకుపోతుంది. వాన తగలని మడతల్లో మసిని పట్టుకుని నల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు కింద రాయి పొడిబారి పిండి అవుతుంది. పైకి గట్టిగా కనిపించే రాతి పూవు ఒకటి వేలితో తాకితే రాలిపోయేది ఇందుకే. ఈ ప్రమాదం వానకు తడిసే చోట కంటే చూరు నీడలో ఎక్కువ. కొత్తవాళ్లు ఎప్పుడూ దీన్ని తిరగేసి అనుకుంటారు.

రెండోది నీరు, చలి. నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. సందులోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ రాత్రి గడ్డకడితే ఆ సందు ఏటేటా వెడల్పవుతుంది. నెలంతా గడ్డకట్టుకుని ఉండే చలి కంటే సున్నా డిగ్రీల చుట్టూ ఊగే చలి ఎక్కువ చెరుపు చేస్తుంది.

మూడోది ఇనుము. రాళ్లను కలిపి పట్టడానికి లోపల ఇనప కొంకీలు పెట్టి, చుట్టూ సీసం పోశారు. సీసం చెక్కుచెదరనంత కాలం బాగానే ఉంటుంది. తేమ దిగిందా, ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది. రాయి లోపల్నుంచి చీలుతుంది. అక్కడ బయటి నుంచి మందు పూసి లాభం లేదు.

నాలుగోది మనుషుల పొరపాటు. 20వ శతాబ్దంలో చాలా చోట్ల పాత సందులను సిమెంటుతో నింపారు. సిమెంటు రాయి కంటే గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. సున్నపు గచ్చు అయితే రాయి కంటే మెత్తన. కదలిక వస్తే గచ్చు చిట్లుతుంది, రాయి బతుకుతుంది. సందు మళ్లీ నింపుకోవచ్చు, చెక్కిన రాయిని మళ్లీ పుట్టించలేం. సిమెంటు పెట్టిన చోట చిట్లేది రాయే. మన ఊళ్లలో పాత గుళ్ల రాతి గోడల సందులకు సిమెంటు మెత్తేవాళ్లు తప్పకుండా గమనించాల్సిన సంగతి ఇది.

ఇవన్నీ చాలవన్నట్టు, 2016లో ఉల్మ్‌లో మరో సమస్య వార్తల్లోకి వచ్చింది. రాత్రుళ్లు చర్చి గోడల మొదట్లో మూత్రం పోసేవాళ్ల వల్ల అందులోని లవణాలు, ఆమ్లాలు ఇసుకరాయిని తినేస్తున్నాయని రాతి పనివారు మొత్తుకున్నారు. జరిమానా 100 యూరోలకు పెంచారు. లవణం రాతి రంధ్రాల్లోకి పోయి, ఆరినప్పుడు స్ఫటికమై ఉబ్బుతుంది. కడిగితే వాసన పోతుంది గానీ ఉప్పు లోపలే ఉండిపోతుంది.

ఒక రాయిని మార్చడం

చర్చికి సొంత రాతి పనిశాల ఉంది. 1543లో పనితో పాటే మూతబడి, 1844లో మళ్లీ తెరుచుకుంది. ఇలాంటి చర్చి పనిశాలల విద్యను, దాన్ని ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించే పద్ధతిని యునెస్కో 2020లో మంచి పరిరక్షణ పద్ధతుల పట్టికలో చేర్చింది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్, నార్వే, స్విట్జర్లాండ్‌లకు చెందిన 18 పనిశాలలు ఆ గుర్తింపులో ఉన్నాయి.

పని ఎలా సాగుతుందంటే, ముందు చిన్న సుత్తితో రాయిని తడతారు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల మోత వస్తుంది. రాయి తర్వాత రాయి ఇలా తట్టి, ప్రతిదానికి సంఖ్య వేసి, గోడ పటం మీద రంగులతో గుర్తిస్తారు: ఏది బాగుంది, ఏది అతికించాలి, ఏది తీసెయ్యాలి. ఇప్పుడు లేజర్ కొలతలు కూడా వాడుతున్నారు గానీ, సుత్తి మోత చెప్పేది లేజర్ చెప్పలేదు.

మార్చడం ఆఖరి మాట. పెచ్చు లేస్తుంటే గట్టిపరిచే ద్రవం పట్టిస్తారు. సన్నని పగులైతే సున్నపు పాలు ఎక్కిస్తారు. అంచు విరిగితే చెడినంత మేర చతురంగా తొలిచి అంతే కొలత ఉన్న రాతి ముక్కను అతుకు వేస్తారు. బరువు మోయలేని స్థితికి వస్తేనే మొత్తం రాయి దించుతారు. పాత రాయి ఎంత మిగిలితే అంత మంచిదన్నది ఇక్కడి నియమం, ఎందుకంటే మధ్యయుగపు ఉలి గీతలు దాని మీదే ఉంటాయి.

కొత్త రాయికి ముందు రేకుతో అచ్చు కోస్తారు. దిమ్మ మీద అచ్చు పెట్టి గీత గీసి, పొర దిశ చూసుకుంటారు. గనిలో రాయి ఎలా పొరలుగా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోవాలి. నిలువుగా పెడితే నిలబెట్టిన పుస్తకం మీద బరువు వేసినట్టే, పేజీలు విడిపోయినట్టు పొరలు లేస్తాయి. కోత ముందు యంత్రంతో, ఆఖరి పని మాత్రం ఉలితో. శిఖరం మీద ఆకుల మొగ్గ ఒక్కటి చెక్కాలన్నా రోజుల తరబడి కూర్చోవాలి. పైకి ఎక్కించాక తుప్పు పట్టని ఉక్కు కడ్డీతో బిగించి, సందుల్లో సున్నం గానీ సీసం గానీ నింపుతారు. సున్నపు పని చలిలో సాగదు. ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలకు దిగువన పడితే ఆపాల్సిందే. అందుకే ఎండాకాలమంతా పరంజాల మీద, చలికాలం షెడ్డులో చెక్కుడు.

ఇలా గోపురం ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి వచ్చేసరికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. అప్పటికి మొదటి మూల మళ్లీ పనికి వస్తుంది. పరంజా ఎప్పుడూ కనబడేది ఇందుకే. పనివాళ్లు నిదానమని కాదు.

ఖర్చు ఎవరిది

కట్టడం నగరంలోని ప్రొటెస్టెంట్ సంఘాల సమాఖ్యది. కాబట్టి తొలి బాధ్యత సంఘానిదే. వారసత్వ కట్టడం కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం, నగరం, వుర్టెంబర్గ్ ప్రాంతీయ చర్చి తలా కొంత కలుపుతాయి. చందాలు పోగుచేసే నిర్మాణ సంఘం ఒకటి ఉంది. చర్చిలోకి ఉచితంగా వెళ్లవచ్చు. గోపురం ఎక్కడానికి టికెట్ పెట్టారు, ఆ డబ్బు కూడా నిర్వహణకే.

సంఘానికి ఆదాయం ఎక్కువగా చర్చి పన్ను నుంచి వస్తుంది. జర్మనీలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు ఇది తెలిసి ఉండాలి. ఊళ్లోకి వచ్చి చిరునామా నమోదు చేసుకునేటప్పుడు మతం అడుగుతారు. క్యాథలిక్ అనో, ప్రొటెస్టెంట్ అనో రాయిస్తే ఆదాయపు పన్ను మీద ఇంకో 8 శాతం జీతంలోంచి పోతుంది. బాడెన్-వుర్టెంబర్గ్, బవేరియాల్లో 8, మిగతా రాష్ట్రాల్లో 9. అది జీతంలో 8 శాతం కాదు, కట్టే పన్నులో 8 శాతం. చాలామంది ఈ రెంటినీ కలిపేసి కంగారు పడతారు. మన సీఎస్‌ఐ, ఆర్‌సీఎం కుటుంబాల పిల్లలు ఏమీ ఆలోచించకుండా రాయించి, మొదటి జీతం చీటీ చూసి ఆశ్చర్యపోవడం కద్దు. ఆ డబ్బుతో జీతాలు, బాలవాడీలు, సేవాకార్యక్రమాలు, ఇలాంటి కట్టడాలు నడుస్తాయి. సభ్యులు ఏటా తగ్గుతున్నారు. పది వేల మంది ఊరు 20 వేల మందికి కట్టిన చర్చిని ఇవాళ ఏటేటా చిన్నదవుతున్న సంఘం మోస్తోంది. ఉల్మ్ ఎదుర్కొంటున్న అసలు సమస్య ఇదే, ఎత్తు రికార్డు కాదు.

ఇవాళ లోపల

ఇప్పుడు లోపల సుమారు 2,000 మందికి కుర్చీలు వేసి ఉంటాయి. ఆదివారం ఆరాధన మామూలుగా జరుగుతుంది. దానితో పాటు పెద్ద ఆర్గన్ మీద కచేరీలు, గాయకబృందాల బృందగానాలు. ఇంత ఎత్తు శాలలో శబ్దం చాలా సేపు మోగుతూనే ఉంటుంది. వేగంగా మాట్లాడితే మాట మీద మాట పడి ఏమీ వినబడదు. ప్రసంగ వేదిక స్తంభానికి ఆనుకుని, పైన కప్పుతో ఉండేది అందుకే. ఆర్గన్‌కు మాత్రం ఆ మోగుడే అలంకారం. బయట చర్చి మైదానంలో బుధవారం, శనివారం సంత. నవంబరు చివర నుంచి క్రిస్మస్ ముందుదాకా క్రిస్మస్ బజారు.

గోపురం ఎక్కాలనుకునేవాళ్లకు: మెట్లు 768, లిఫ్టు లేదు. 70, 102, 143 మీటర్ల దగ్గర ఆగే చోట్లు ఉన్నాయి. పైకి పోయే కొద్దీ మెట్ల బాట ఇరుకై, ఎదురొచ్చే మనిషికి దారి ఇవ్వడమే కష్టం. మోకాళ్లకు దిగడమే అసలు పరీక్ష. గాలి, మంచు ఎక్కువైనా, మరమ్మతు జరుగుతున్నా పై భాగం మూసేస్తారు. ముందే కనుక్కుని వెళ్లాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే దక్షిణాన ఆల్ప్స్ పర్వతాలు కనబడతాయి.

1944 డిసెంబరు 17 రాత్రి బాంబుదాడిలో పాత నగరం చాలావరకు బూడిదైంది. చర్చి మాత్రం నిలబడింది. ఆ తర్వాతి తరం దాన్ని తమ లెక్కలు తేల్చుకునే చోటుగా కూడా చూసింది. 1980లలో పెట్టిన రంగుటద్దాల కిటికీల్లో ఒకటి యూదుల ఊచకోతను గుర్తుచేస్తుంది. ఇంకోదాంట్లో కోపర్నికస్, కెప్లర్, గెలీలియో, న్యూటన్‌లతో పాటు ఐన్‌స్టీన్ ఉన్నాడు. ఆయన 1879 మార్చి 14న పుట్టింది ఈ ఊళ్లోనే. 2020లో సంఘం మరో నిర్ణయం తీసుకుంది. క్రిస్మస్ పశువుల పాక బొమ్మల్లో ముగ్గురు జ్ఞానులూ ఉంటారు. వాళ్లలో నల్లజాతి జ్ఞానిని వెక్కిరింపుగా చెక్కారని చెప్పి, ఆ ముగ్గురి బొమ్మలనూ ఆ ఏడాది ప్రదర్శనలో పెట్టలేదు. ఊళ్లో గట్టి వాదన జరిగింది. పాత కళాఖండాన్ని దాచడం తప్పన్నవాళ్లూ ఉన్నారు. ఆరాధన జరిగే చోట పెట్టిన బొమ్మ మ్యూజియం వస్తువు కాదు, అక్కడికి వచ్చే పిల్లవాడు దాంట్లో తనను చూసుకుంటాడు. కాబట్టి సంఘం చేసింది సబబే.

ఊరికీ చర్చికీ ఉన్న ముడి ఏడాదిలో ఒక రోజు చెవికి వినబడుతుంది. జులై నెల చివరి సోమవారానికి ముందు సోమవారం ఉల్మ్‌కు ప్రమాణాల రోజు. 1397 నాటి నగర ఒప్పందం ప్రకారం మేయరు జనం ముందు నిలబడి, ధనికులకూ పేదలకూ అందరికీ సమానమైన మనిషిగా, ఉమ్మడి వ్యవహారాలన్నిటిలో నిజాయితీగా, ఏ మినహాయింపూ లేకుండా ఉంటానని ప్రమాణం చేస్తారు. చెయ్యి పైకెత్తి ఆ మాటలు పలుకుతుండగా మ్యూన్‌స్టర్ గోపురంలో ప్రమాణపు గంట మోగుతుంది. తర్వాత జనమంతా పడవలూ తెప్పలూ పట్టుకుని డాన్యూబ్‌లోకి దిగుతారు.